ఎడమ చెవిలో ఆవిరి

మొదట అది ప్లాంటు మోత అనుకున్నాను. భిలాయిలో పెరిగినవాడికి ఇంకో ఆలోచన రాదు. ఈ ఊళ్లో ఏ చప్పుడు వినబడినా దానికి ఉక్కు ప్లాంటులో ఒక చిరునామా ఉంటుంది. కొలిమి దగ్గర ఆవిరి వదిలితే ఒక రకం, మిల్లులో కాలిన ఇనుము దొర్లితే ఒక రకం, లోపల తిరిగే రైలింజను కూస్తే ఇంకో రకం. వంటింట్లో గిన్నెల చప్పుడును బట్టి ఏ గిన్నె పడిందో ఆడవాళ్లు చెప్పినట్టు, మేం వాటిని విడదీసి చెప్పగలం. అందుకని, చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఉదయం సన్నటి కూత వినబడితే, ఎక్కడో ఆవిరి గొట్టం కారుతోందనుకుని టీ తాగడం ముగించాను.

కారడం మాత్రం ఆగలేదు. మర్నాడూ ఉంది, ఆ తర్వాతా ఉంది. ఆఫీసులో ఏసీ కింద కూర్చుంటే కొంచెం అణిగేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే మళ్లీ పైకి లేచేది. కుక్కర్ మూత వదులైతే వచ్చే చప్పుడులాంటిది, కానీ కుక్కర్‌కు ఉండే ఎగుడుదిగుడు లేదు. గీత గీసినట్టు ఒకే ఎత్తులో సాగుతూ ఉండేది.

నేను ఒక హిందీ దినపత్రికకు ఇక్కడి డెస్కులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నాకు చిరాకు తెప్పించిన ప్రతిదీ ముందు వార్తలా కనిపించడం ఈ ఉద్యోగం నేర్పిన గుణం. ఊరంతా ఈ కూత వింటూ ఊరుకుంటోందా? ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదేం? మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు చెబితేనే వార్త. ముగ్గుర్ని అడగడానికి బయల్దేరాను.

మొదటివాడు మా బావ, అంటే నా భార్య అన్నయ్య. రైలు పట్టాల మిల్లులో చేసి రిటైరై క్యాంప్ 1 అనే పేటలో ఉంటాడు. వెళ్లేసరికి గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, ఎండకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"బావా, ఈమధ్య సన్నగా ఒక కూత వినబడుతోందా నీకు?"

"ఇనబడతంది."

"పొద్దున్నా, సాయంత్రమా?"

"అదేటి ప్రశ్న? ఎప్పుడూ ఇనబడతాది."

"ఎటునుంచి వస్తోంది?"

తువ్వాలుతో మెడ తుడుచుకుని, గడ్డం ఎత్తి ప్లాంటు చిమ్నీల వైపు చూపించాడు. "ఇంకెటునించి వత్తాది? పేపర్లో రాత్తావేటి? రాయి రాయి. నా పేరు కూడా ఎయ్యి."

రెండోవాడు మా పక్కింటి ఒడియా పెద్దాయన. మూడోవాడు, మా సందు చివర సైకిలు షాపు ముందు రోజూ కూర్చునే ఒక రిటైర్డ్ ఫోర్‌మన్. ముగ్గురూ ఒకటే మాట. ఉంది, ఎప్పుడూ ఉంది, సన్నగా ఉంది. ఫోర్‌మన్ అయితే "మీకు ఇప్పుడు వినబడిందా భయ్యా?" అని నన్ను జాలిగా చూశాడు.

ప్లాంటు ప్రజాసంబంధాల ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆవిరి ఎక్కడా వదలడం లేదని, మీరు తప్ప ఎవరూ అడగలేదని అక్కడి అధికారి మర్యాదగా చెప్పాడు. అధికారి లేదన్నాడంటే మాకు అనుమానం రెట్టింపవుతుంది. కూర్చుని నాలుగు వాక్యాల వార్త రాసి పడేశాను. దాన్ని మా డెస్క్ ఇన్‌చార్జి ఆపేశాడు. ఫొటో లేదట. మోతకు ఫొటో ఎక్కడినుంచి తేవాలో ఆయనా చెప్పలేదు. ఆయన పుణ్యాన ఆ వార్త అచ్చు కాలేదు. ఇప్పటికీ ఆయన్ని చూస్తే నమస్కారం పెడతాను.

ఆ వారంలోనే ఉతైలో మా విలేకరి గృహప్రవేశం భోజనానికి వెళ్లాను. అతని ఇల్లు ఊరి చివర, కోసేసిన వరిచేల పక్కన. భోజనాలయ్యాక మడత కుర్చీలు నీడలోకి లాక్కుని కూర్చున్నాం. ప్లాంటు అక్కడినుంచి కంటికి ఆనదు. గాలి కూడా ఎదురుగాలి. అయినా కూత ఉంది. అదే ఎత్తులో, అదే సన్నదనంతో, నాతోపాటు స్కూటరెక్కి వచ్చినట్టు.

"మీకు ఇక్కడికి కూడా వినబడుతుందా?" అని ఆ విలేకరిని అడిగాను.

"కౌన్సీ ఆవాజ్, భయ్యా?" అంటూ ఏ చప్పుడని ఎదురడిగాడు అతను. మిల్లు గేటు ఎన్నడూ దాటనివాడు, పొలం మనిషి.

ఏదో అనుమానం వచ్చి కుడి చెవి వేలితో మూసుకున్నాను. కూత అలాగే ఉంది. కానీ పక్క షామియానాలో పిల్లల అల్లరి ఒక్కసారిగా దూరమైపోయింది, బానలోంచి వస్తున్నట్టు. కుడి చెవి వదిలి ఎడమ చెవి మూశాను. పిల్లల అల్లరి దగ్గరకొచ్చింది. కూత ఇంకా పెద్దదైంది. చేతిలో మిఠాయి పట్టుకుని మా విలేకరి నన్ను చూస్తూ నిలబడ్డాడు. కాసేపు ఒక చెవీ, కాసేపు ఇంకో చెవీ మూస్తున్న అతిథిని ఏమడగాలో అతనికి తోచలేదు.

అప్పుడు ఇంకొకటి కూడా తట్టింది. కొన్నాళ్లుగా ఫోనులో మనుషుల మాటలు పేలిపోయిన స్పీకర్లోంచి వచ్చినట్టు వినబడుతున్నాయి. ఫోను పాడైందని రెండుసార్లు షాపుకు తీసుకెళ్లాను. మా పనిలో కుడిచేత్తో రాసుకుంటాం కాబట్టి ఫోను ఎప్పుడూ ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటాం. పాడైంది ఫోను కాదన్నమాట.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ప్రైమరీ స్కూల్లో టీచరు. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. పెన్ను మూత పెట్టింది.

"ఏ చెవి?"

"ఎడమది."

"ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు దాటింది. ప్లాంటు మోతనుకున్నాను."

"ప్లాంటు మోతా? మీరేటి మిల్లులో చేశారా? ఏసీలో కూర్చుని పకోడీలు తిన్నారు గానీ."

"మీ అన్నయ్య కూడా వినబడుతోందన్నాడు."

ఆమె వెంటనే ఫోన్ అందుకుని స్పీకర్ పెట్టింది. "అన్నియ్యా, ఆ కూత నీకు సెవిలో ఇనబడతందా, బైట ఇనబడతందా?"

"సెవిలోనే. ఇంకెక్కడ?"

"మరి ఈయన అడిగితే ప్లాంటు వైపు సూపించావంట?"

"అక్కడినించే గదే సెవిలోకొచ్చింది! ముప్పయ్యేళ్లు ఆ రోలర్ల పక్కన నిలబడ్డాను."

నా ముగ్గురు సాక్షులూ మిల్లు మనుషులే. ముగ్గురి చెవుల్లోనూ ఏళ్ల తరబడి ఆ కూత ఉంది. ముగ్గురూ నిజమే చెప్పారు.

ఆమె మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్నగారు మిల్లులోనే రెండు చెవులూ పోగొట్టుకున్నారు. ఆమె చిన్నప్పుడు ఆ ఇంట్లో అన్నం పెట్టమన్నా అరుపే, ప్రార్థన చేసినా అరుపే. గుట్టుగా చెప్పుకోవలసిన మాటలు కూడా సందంతా వినేలా చెప్పాల్సి వచ్చేది. వాళ్లమ్మకు ఆ అలవాటు ఆయన పోయాక కూడా పోలేదు. పెళ్లి సంబంధాలు చూసే రోజుల్లో ప్లాంటు ఉద్యోగమంటే మా వాళ్లందరికీ బంగారం. ఈమె వరసగా వద్దంటూ పోయింది. చివరికి చాలీచాలని జీతంతో పేపర్లో చేస్తున్న నన్ను ఒప్పుకుంది. కారణం అడిగితే, మెల్లగా మాట్లాడుకునే ఇల్లు కావాలంది. ఆ ఇల్లు ఆమెకు ఇన్నాళ్లూ ఉంది. ఇప్పుడు దాన్ని నా ఎడమ చెవి పోగొడుతుందేమోనని ఆమె భయం. నా భయమూ అదే, పైగా ఆ కూత.

చెవి డాక్టరు మధ్యవయసు ఆవిడ. ముందు దీపం పెట్టి లోపలికి చూసింది. గులిమి ఉంటే బాగుండునని నేను మనసులో మొక్కుకున్నాను. తీసేస్తే పోయేది. గులిమి లేదు, చీము లేదు, చెవి గూబ శుభ్రంగా ఉందట. బీపీ చూసింది. నొప్పి మాత్రలు ఎక్కువ వాడతారా, తల తిరుగుతుందా, కూత గుండె కొట్టుకున్నట్టు కొడుతుందా, ఒకే తీరుగా ఉందా అని అడిగింది. ఇవన్నీ ఎందుకంటే చెవిలో మోత దానంతటది జబ్బు కాదట. జ్వరంలాగా ఒక గుర్తట. దాని వెనక ఏముందో వెతకాలట.

తర్వాత గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. కుడి చెవి పరీక్ష సాఫీగా అయిపోయింది. ఎడమ చెవికి రాగానే నేను శ్రద్ధగా బటన్ నొక్కుతూ పోయాను. తలుపు తీసి, వినికిడి పరీక్ష చేసే అమ్మాయి తల లోపలికి పెట్టింది.

"అంకుల్, నేను ఇంకా శబ్దమేమీ పెట్టలేదు."

ఫలితం చూసి డాక్టరు చెప్పిన మాటలు విలేకరిలాగే గుర్తుపెట్టుకున్నాను. వయసువల్ల, మోతలో పనిచేయడంవల్ల వచ్చే కూత మామూలుగా రెండు చెవుల్లో ఉంటుంది. ఒక్క చెవిలో మాత్రమే వచ్చి, ఆ చెవికే వినికిడి తగ్గితే తేలిగ్గా తీసుకోకూడదు. లోపలి చెవి ఉన్నట్టుండి దెబ్బతిని ఉండవచ్చు. ఎందుకు దెబ్బతింటుందో చాలామందిలో తేలదు. అలా జరిగినప్పుడు మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ మాత్రలు పడితే తిరిగి రావడానికి ఎక్కువ అవకాశం. మీరు ఆలస్యంగా వచ్చారు, అయినా వేద్దాం. ఇంకొకటి, చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద గడ్డ ఉంటే కూడా ఇలాగే మొదలవుతుంది. అరుదు, చాలావరకు క్యాన్సరు కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. కానీ లేదని తేల్చుకోవాలి. స్కానింగు చేయించండి.

"చెవి తిరిగొస్తుందా?" అని నా భార్య అడిగింది.

"కొందరికి పూర్తిగా, కొందరికి సగం, కొందరికి రాదు. మాత్రలు అయ్యాక మళ్లీ పరీక్ష చేస్తేనే చెప్పగలను."

మాత్రలు వేసుకుంటే షుగరు పెరగవచ్చని, చూసుకుంటూ ఉండమని రాసిచ్చింది. ఆ మాత్రలు నన్ను ఇంకా కుదురు లేకుండా చేశాయి. ఆకలి, చెమట, ఊరికే కోపం. ఇంట్లో ఏ గదిలోనూ కూర్చోలేకపోయేవాణ్ణి. నిశ్శబ్దం ఉన్నచోట కూత, చప్పుడు ఉన్నచోట మనుషుల మాట అర్థం కాకపోవడం. పనిలేకపోయినా సుపేలా సంతకు వెళ్లి ఉల్లిపాయల బేరాల మధ్య తిరిగేవాణ్ణి. పవర్‌హౌస్ స్టేషను వంతెన మీద నిలబడి గూడ్సు బండ్లు పోయేదాకా చూసేవాణ్ణి. బండి పోతున్నంతసేపూ హాయి. చివరి పెట్టె దాటగానే కూత తన చోటికి వచ్చేసేది. ఆఫీసులో ఫోను కుడి చెవికి మార్చాను. దాంతో చెయ్యి తిరక్క, విలేకరులు చెప్పే వార్తలు వంకరగీతల్లా రాసుకుని తర్వాత నేనే చదవలేకపోయేవాణ్ణి. కుమ్హారి నుంచి ఒకడు రోడ్డు ప్రమాదం వార్త చెబితే ఊరి పేరు మూడుసార్లు అడిగాను. "సర్, తబియత్ ఠీక్ హై?" అని నా ఒంటి సంగతి అడిగాడు.

అన్నిటికన్నా చెడ్డ అలవాటు, అది ఉందా లేదా అని మాటిమాటికీ వెతుక్కోవడం. ఒక క్షణం మరిచిపోతే, మరిచిపోయానన్న సంతోషంతోనే మళ్లీ చెవి ఒగ్గేవాణ్ణి.

బావ వైద్యం పట్టుకొచ్చాడు. ఆవనూనెలో వెల్లుల్లి కాచిన సీసా.

"రెండు సుక్కలు ఎయ్యి బావా, తెల్లారేతలికి మోత పోతాది."

"నీకెందుకు పోలేదు మరి?" అంది నా భార్య.

"నాను ఎయ్యలేదు కదే."

సీసా లాక్కుని వంటింట్లోకి తీసుకుపోయింది. ఆ సాయంత్రం వంకాయ కూర బ్రహ్మాండంగా కుదిరింది.

ఆదివారం మా తెలుగు చర్చిలో ఒక సంగతి గమనించాను. చాలా ఏళ్లుగా కళ్లెదుటే ఉన్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. రిటైరైన మిల్లు మనుషులు కూర్చునే తీరుకు ఒక వరస ఉంది. రెండు పక్కగోడలకూ స్పీకరు పెట్టెలున్నాయి, ఏ చెవి పనిచేస్తే ఆ చెవి గోడకు తిరిగేలా బెంచీ ఎంచుకుంటారు. కుడి చెవి మిగిలినవాళ్లు ఒక పక్క, ఎడమ చెవి మిగిలినవాళ్లు ఇంకో పక్క. రెండూ పోయినవాళ్లు వెనకాల ప్రశాంతంగా కునుకు తీస్తారు. వాళ్లకది సిగ్గూ కాదు, బాధా కాదు. పిల్లలు క్లాసులో వరస పాటించినట్టు పాటిస్తారు.

ఆరాధన అయ్యాక ఆవరణలో బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎడం సెవి పోతే బెంగెట్టుకోకు బావా. మా బెంచీలో జాగా ఉంది. మొన్న ముసలాయన పోయాడు గదా, ఆ జాగాలో కూకుందువు గానీ."

చుట్టూ ఉన్న పెద్దలు ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. వెనకనుంచి నా భార్య వచ్చింది.

"ఆ జాగా నీకే అట్టిపెట్టుకో అన్నియ్యా. ఈయన నా పక్కన కూకుంటారు" అంది. నా చొక్కా చెయ్యి పట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

తర్వాత బావ ఒక్కడే నా దగ్గరకొచ్చాడు. నేను అడిగాను: "ఇన్నేళ్లు ఆ మోతతో ఎలా ఉన్నావు? ఒక్కసారి కూడా చెప్పలేదే."

"ఏటి సెప్పాల? అందరికీ ఉన్నదే గదా అనుకున్నాను" అన్నాడు. కాసేపు చెప్పుతో మట్టి గీకి, "మొదట్లో మాత్రం పిచ్చెక్కిందనుకున్నాను. ఎవులికీ సెప్పలేదు" అన్నాడు.

స్కానింగు రాయ్‌పూర్‌లో. చెవుల్లో దూది కుక్కి, తల కదలకుండా బిగించి, సొరంగంలోకి తోశారు. లోపల ఆ యంత్రం చేసే రొద చెప్పనలవి కాదు. సుత్తి దెబ్బలు, కొయ్యలు కోస్తున్నట్టు గర్జన, మళ్లీ సుత్తి. భయపడతారేమోనని చేతికి గంట ఇచ్చారు. నాకు మాత్రం కొన్ని వారాల తర్వాత ఒళ్లు వదులైంది. కూత లేదు. ఉందేమో, వినబడలేదు. దాదాపు నిద్రపోయాను. బయటికి లాగాక ఆపరేటరు "సార్, నవ్వుతున్నారేం?" అన్నాడు. చెప్పులేసుకుని వరండాలోకి వచ్చేసరికి కూత బెంచీ మీద కూర్చుని నా కోసం ఎదురుచూస్తోంది.

గడ్డ లేదని రిపోర్టు వచ్చింది. నా భార్య అక్కడే కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పింది. నాకూ బరువు దిగింది, కాదనను. కానీ ఆ బరువు దిగిన చోట ఇంకోటి ఎక్కి కూర్చుంది. ఏదో ఒకటి దొరికితే బాగుండునని లోలోపల కోరుకున్నట్టున్నాను. దొరికినదాన్ని తీసేయొచ్చు. ఏమీ దొరకలేదంటే ఇది ఇలాగే ఉంటుందనే కదా. ఇది ఆమెతో అనలేదు. గడ్డ కోసం ఆశపడిన మగణ్ణి ఏ ఆడదీ క్షమించదు.

మాత్రలయ్యాక రెండో పరీక్ష చేశారు. బొంగురు శబ్దాలు కొంత తిరిగొచ్చాయి. సన్నటివి రాలేదు. మాటల్లో సకారాలు, శకారాలు ఆ చెవికి అందవు. డాక్టరు కాగితం మీది గీతను వేలితో చూపించింది.

"ఇంతకన్నా పెద్దగా రాకపోవచ్చు" అంది.

"కూత?"

"దాన్ని ఆపే మాత్ర లేదు. ఎవరైనా అమ్మితే కొనకండి. బయటి శబ్దం అందకపోతే మెదడు ఆ ఖాళీని తన చప్పుడుతో నింపుకుంటుందని అనుకుంటున్నాం. ఆ చెవికి వినికిడి యంత్రం పెడితే బయటి చప్పుడు లోపలికి వెళ్లి, చాలామందికి కూత వెనక్కి తగ్గుతుంది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఫ్యానో, రేడియోనో మెల్లగా ఉంచుకోండి. మరీ దిగులుగా ఉంటే, మాట్లాడి దానితో బతకడం నేర్పించేవాళ్లున్నారు, పంపిస్తాను. కూత పోకపోవచ్చు. దాన్ని పట్టించుకోవడం పోతుంది."

"ఎప్పటికి?" విలేకరికి తారీఖు కావాలి.

"అది చెప్పలేను."

వినికిడి యంత్రం కొన్నాళ్లు పెట్టి చూసి నచ్చితేనే తీసుకోవచ్చంది. ఆలోచించుకుని వస్తానన్నాను. నా భార్య కాగితాలు సంచిలో పెట్టుకుంది.

స్కూటరు తీశాను. ఆమె చీరలో ఎప్పట్లా వెనక పక్కకి తిరిగి కూర్చుంది. అలా కూర్చున్న మనిషి ముఖం నడిపేవాడి ఎడమ భుజం దగ్గర ఉంటుంది. ఇన్నేళ్లలో మేం మాట్లాడుకున్నదంతా ఆ భుజం మీదుగానే జరిగింది. కూతురికి ఏ పేరు పెట్టాలో, ఎవరి పెళ్లికి వెళ్లాలో, నేను ఉద్యోగం మారాలో వద్దో. గేటు దాటి కొంత దూరం వెళ్లాక మెడ మీద ఆమె ఊపిరి తగిలింది. ఏదో అంటోంది. "ఊఁ" అన్నాను. మళ్లీ ఏదో అంది. "సరేలే" అన్నాను. మూడోసారి అంటూ వీపు మీద తట్టింది. రోడ్డు పక్కకు తీసి ఆపాను.

దిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది. లారీలు పోతున్నాయి.

"నేనేమన్నాను?"

"కూరగాయలు తీసుకోవాలన్నావు."

"కాదు."

"మీ అన్నయ్యకు ఫోన్ చెయ్యమన్నావు."

"ఆధారం లేకుండా రాసేస్తున్నారు" అంది. "మీ పేపర్లో ఇలాగే వేస్తారేటి?"

"సరే, మళ్లీ చెప్పు. కొంచెం గట్టిగా."

తల అడ్డంగా ఊపింది. "గట్టిగా చెప్పను. చిన్నప్పుడు అరిచినంత అరిచేశాను. చెవి పెట్టించుకుని రండి, అప్పుడు చెప్తాను."

కళ్లలో నీళ్లున్నాయి, కానీ ఆమె అక్కణ్ణుంచి కదలలేదు. నేను స్కూటరు వెనక్కి తిప్పాను.

ఆ వినికిడి పరీక్ష అమ్మాయే చెవి వెనక చిన్న యంత్రం అమర్చి, కంప్యూటర్లో ఏదో సర్దింది. ముందు వినబడింది ఆ అమ్మాయి గాజుల చప్పుడు. తర్వాత కాగితం మడతపెట్టిన చప్పుడు, నా చొక్కా చేతుల రాపిడి. అన్నీ కొత్త చెప్పుల్లా కిర్రుమంటున్నాయి, మింగుడుపడలేదు. కూత పోలేదు. కానీ మునుపటిలా గది మధ్యలో లేదు, కిటికీ దగ్గరికి జరిగింది. ఎంతసేపు అక్కడ ఉంటుందో తెలియదు. నాకు అప్పుడే తిరిగి దాన్ని వెతుక్కోవాలనిపించింది.

బయట స్టాండు దగ్గర నా భార్య స్కూటరు ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. మామూలు గొంతుతో అంది:

"ఏటన్నానంటే, వెనక టైరులో గాలి దిగిపోతోందన్నాను. మూడుసార్లు."

వంగి చూశాను. టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. పంక్చరు షాపు మలుపు అవతల. ఎండలో స్కూటరు తోసుకుంటూ బయల్దేరాం. దారంతా ఆమె నన్ను తిడుతూనే నడిచింది, ఎడమ పక్కనుంచి, మెల్లగా. అక్కడక్కడ ఒక మాట జారిపోయింది. మిగతాదంతా విన్నాను.